సిస్టరమ్మ మళ్ళీ చేసిన లెక్కలు

పొద్దున షాపు తెరిచి, హిందీ పేపరు కౌంటరు మీద పరుచుకుని చూస్తుంటే లోపలి పేజీలో అడుగున చిన్న వార్త కనబడింది. ఇంతవరకూ తెలిసినవాటిలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందట. ఎక్కడో పరాయి దేశంలో ఎవరో ఖరీదైన మెషీన్లు అద్దెకు తీసుకుని పట్టుకున్నారట. ఒక వంటనూనె ప్రకటనకీ, తప్పిపోయిన ఆవు ఫోటోకీ మధ్య నాలుగు లైన్లు.

నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో చెప్పలేను. ఈ వార్త చదివి వినిపిస్తే "అద్దెకి తీసుకుని చేసేది కూడా ఒక చెయ్యడమేనేటి?" అని నామీద విరుచుకుపడే మనిషి ఇప్పుడు లేదు. భిలాయిలో ఇన్ని లక్షలమంది ఉన్నారు కదా, ఈ వార్త గురించి పోట్లాడడానికి నాకు ఒక్క మనిషి లేదు.

ఆవిడని స్టీలు ప్లాంటు కాలనీలో ఆ సెక్టారువాళ్ళందరూ సిస్టర్ అనేవారు. మా తెలుగువాళ్ళం సిస్టరమ్మ అనేవాళ్ళం. ప్లాంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యింది. పార్వతీపురం వైపు మనిషి. పవర్ హౌస్ మార్కెట్లో నాది కంప్యూటర్లు బాగుచేసే షాపు. మొదటిసారి వచ్చినప్పుడు ఆటో దిగలేదు. లోపల్నుంచే పిలిచింది.

"ఏయ్ బాబూ, ఇలా రా. పట్టు."

ఒళ్ళో తువ్వాలు చుట్టిన కంప్యూటర్ డబ్బా. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ అప్పుడు దిగి నా వెనకే వచ్చింది. ఏం పనిచెయ్యడం లేదని అడిగాను.

"పని చేస్తంది. ఆగకుండా చేస్తంది. జ్వరం పట్టుకుంది."

హాస్యానికి అంటోందనుకున్నాను. డబ్బా పక్కరేకు మీద అరచెయ్యి ఆనించి, రెండో చేతి గడియారం వైపు కాసేపు చూసింది. రోగి నుదురు చూసే అలవాటు ఆ చేతిని వదిలినట్టు లేదు. తరవాత ఎప్పుడు చూసినా అదే. ఎవరింట్లో అయినా కంప్యూటర్ కనిపిస్తే చాలు, అడక్కుండా దాని మీద చెయ్యి వేసేది.

"ఏటి చేస్తారు సిస్టరమ్మా దీంతో? సినిమాలా?"

"లెక్క."

"ఇంటి ఖర్చులా?"

"నీకు తెలిసే లెక్క కాదు. నాకూ పూర్తిగా తెలీదనుకో. ముందు ఫ్యాను మార్చు."

ఆ లెక్కేమిటో నాకు విడతలు విడతలుగా చెప్పింది. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగించడానికి వీల్లేని సంఖ్యలు ఉంటాయని బళ్ళో అందరం చదివాం. రెండు, మూడు, అయిదు, ఏడు. వాటికి అంతులేదు. పైకి పోయేకొద్దీ దొరకడం కష్టం. కోట్ల అంకెలున్నవాటిని వెతకడం ఒక్క కంప్యూటర్ వల్ల కాదు. అందుకని ప్రపంచమంతా ఇష్టమున్నవాళ్ళు తమ కంప్యూటర్లని ఆ పనికి ఇస్తారు. ఈ వెతుకులాటని పరాయి దేశంలో కొందరు నడిపిస్తారు. అక్కడివాళ్ళు ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్య అప్పజెబుతారు. మన మెషీన్ రాత్రీ పగలూ గుణించుకుంటూ పోయి చివరికి అవుననో కాదనో చెబుతుంది. కొత్త మెషీన్లకి రోజులు చాలు. సిస్టరమ్మ పాత డబ్బాకి నెలలు పట్టేది.

ఎందుకీ గోల అని అడిగినవాళ్ళకి ఆవిడ అడిగినవాళ్ళని బట్టి జవాబు చెప్పేది. పాస్టరుగారితో, "దేవుడు చేసిన సంఖ్యలే కదా అయ్యగారూ, వెతికితే తప్పేటి?" అంది. పై క్వార్టరులో ఫోర్‌మన్ గారి భార్యతో, "మెషీన్ ఊరికే పడుంది దీదీ, ఖాళీ క్యోం రఖ్నా" అంది, ఖాళీగా ఎందుకుంచడం అని. నాతో ఒకసారి, ఏదో చిరాకులో ఉండి, వేరే మాట చెప్పింది.

"సర్వీసంతా నేనేటి చేసినా డాక్టరు పేరే చెప్పుకున్నారు. ఇదొకటి నా పేరున ఉంటాది."

సెక్టారులో ఆ మెషీన్ వల్ల పడని తగువు లేదు. ఆవిడ ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు ఫ్యాను రొద ఎక్కువగా ఉంది, కాసేపు ఆపమన్నారట. "మీ పాట దానికి అడ్డం రాలేదు. దాని చప్పుడు మీకెందుకు అడ్డం?" అంది. మరమ్మతుల కోసం కరెంటు ఆపినప్పుడల్లా ఎలక్ట్రికల్ ఆఫీసుకి వెళ్ళి తగువేసుకునేది. ఆవిడ పోరు పడలేక ఒక లైన్‌మన్ ముందుగా ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. "సిస్టర్, ఆజ్ దస్ బజే లైట్ జాయేగా." కొన్నాళ్ళకి బ్లాకంతా కరెంటు ఎప్పుడు పోతుందో ఆవిడనే అడిగేవారు. ఆవిడ విసుక్కుంటూనే చెప్పేది.

నెలల తరబడి మెషీన్ తిరిగాక ఒక సంఖ్య తేలేది. అప్పుడు నాకు ఫోన్ చేసేది.

"కాదట."

అంతే. పెట్టేసేది.

నాకు ఒళ్ళు మండేది. షాపుకొచ్చిన గ్రాహక్ ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పుకుని కూర్చున్నప్పుడు ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఆ ఒక్క మాట. ఒకసారి అన్నాను కూడా. "కాదని తెలిసినదానికి ఫోనెందుకు సిస్టరమ్మా? అవునన్నప్పుడు చెయ్యండి."

"కాదని తేల్చడం పని కాదేటి? నీ దగ్గరికొచ్చిన కంప్యూటర్‌లో ఇది పాడవలేదు, ఇది పాడవలేదు అనుకుంటూనే కదా పాడైంది పట్టుకుంటావు?"

అది నిజం కావడం వల్ల ఇంకా చిరాకు.

ఒక వేసవిలో గొడవ మొదలైంది. మా దగ్గర ఏప్రిల్ నెలాఖరుకే గోడలు వేడెక్కిపోతాయి. దుమ్ము సంగతి సరేసరి. ప్లాంటు వైపునుంచి వచ్చే సన్నటి నలుసు డబ్బా లోపల పేరుకుపోతుంది, బ్రష్‌తో దులిపితే మళ్ళీ వారానికి అంతే. ఫ్యాను మార్చడానికని ఆవిడ క్వార్టరుకి వెళ్ళాను. ముందుగదిలో కూలర్ ఉంది. మంచానికి ఎదురుగా ఉండాల్సిన కూలర్ కంప్యూటర్‌కి ఎదురుగా ఉంది. తడిగాలి తిన్నగా దాని పొట్టలోకి కొడుతోంది. సిస్టరమ్మ మంచం మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"ఇదేటి పని? తడి తగిలితే లోపలంతా చిలుం పడతాది. తీసెయ్యండి ముందు."

"చల్లగా ఉంటే మంచిదని నువ్వే కదా అన్నావు."

"చల్లగా అంటే నీళ్ళు కొట్టమని కాదు!"

"జ్వరం తగ్గింది. చెయ్యేసి చూడు."

నిజంగానే రేకు చల్లగా ఉంది. ఎంత చెప్పినా వినలేదు. నేను వెళ్ళేటప్పుడు కూలర్ పక్కకి జరిపింది. నేను మలుపు తిరిగేలోపు మళ్ళీ పెట్టి ఉంటుంది. ఆ వేసవీ అంతే, మరుసటి వేసవీ అంతే. ఈ మధ్యలో నాకు కొన్నిసార్లు "కాదట" అని ఫోన్లు వచ్చాయి.

తరవాత ఒక మధ్యాహ్నం వచ్చిన ఫోన్ వేరు. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఒరే బాబూ. అవునంటంది."

షాపు పక్కవాడికి అప్పజెప్పి బండి తీశాను. వెళ్ళేసరికి తలుపులు, కిటికీలు అన్నీ వేసేసి ఉన్నాయి. తెర మీద ఆ వాక్యం నేను రెండు మూడుసార్లు చదివాను. ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే అని ఉంది. సిస్టరమ్మ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. చెమటో కన్నీళ్ళో నేను చూడలేదు.

"ఎవరికీ చెప్పకు. అక్కడివాళ్ళు వాళ్ళ మెషీన్లమీద మళ్ళీ చేసి చూస్తారు. అందాకా నోరు విప్పకూడదు. అది రూలు."

"జాముల్‌లో ఉన్న మీ చెల్లెలికైనా చెప్పరా?"

"దానికి చెప్తే జాముల్ అంతా టముకేసినట్టే."

ఆ తరవాత రెండు మూడు రోజులు ఆవిడ మధ్యాహ్నం కాగానే మా షాపుకి వచ్చి స్టూలు మీద కూర్చునేది. అక్కర్లేని మౌస్ ఒకటి కొంది. అక్కర్లేని వైరు ఒకటి కొంది. గ్రాహకులు లేనప్పుడు నన్ను విచిత్రమైన ప్రశ్నలు అడిగేది.

"పేరు అచ్చువేసేటప్పుడు ఇంటిపేరు ముందేస్తారా, వెనకేస్తారా?"

"మీరెలా చెప్తే అలా వేస్తారు."

"మా నాన్న ఇంటిపేరే ఇస్తాను. పెళ్ళితోటి వచ్చిన ఇంటిపేరు ఎయ్యనివ్వను. అతగాడేటి చేశాడు ఇందులో?"

భర్త ప్రస్తావన ఆవిడ నోట విన్నది ఆ ఒక్కసారే. ఇంకేం అడగబుద్ధి కాలేదు. అప్పుడప్పుడు నవ్వుకునేది. నవ్వు ఆ మొహానికి అలవాటు లేనట్టు, వెంటనే కొంగు అడ్డం పెట్టుకునేది.

మెయిల్ వచ్చిందని మా షాపులోనే చూసింది. తన కళ్ళజోడు తుడుచుకుని, ఇంగ్లీషు తనే చదివి, నాకు తెలుగులో చెప్పింది. ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. రెండు వేరు వేరు మెషీన్లమీద సరిచూశారు. మీ కంప్యూటర్‌లో ఏదో లోపం ఉండి తప్పు జవాబు వచ్చి ఉంటుంది. ఇలాంటివి జరుగుతుంటాయి, బాధపడవద్దు, మీ సహాయానికి కృతజ్ఞతలు.

"బాధపడొద్దంట" అంది. "నేనూ రోగుల తాలూకు వాళ్ళకి అలాగే చెప్పేదాన్ని."

టీ తెప్పిస్తానంటే వద్దంది. లేచి, స్టూలు దాని చోట సర్ది, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. గంటలో మళ్ళీ వచ్చింది, ఒళ్ళో డబ్బాతో.

"విప్పు. ఏది అబద్ధమాడిందో నాకు చూపించు."

విప్పాను. మెమరీ కార్డులు ఒక్కొక్కటే పెట్టి పరీక్షించాను. ఆవిడ నా పక్కనే నిలబడింది, ఆపరేషన్‌లో డాక్టరు పక్కన నిలబడ్డట్టు, కదలకుండా. ఒక కార్డు దగ్గర తప్పులు వరుసగా వచ్చాయి. తీసి వెలుతురులో చూస్తే బంగారు రంగు పళ్ళమీద పచ్చగా చిలుం.

అన్నాళ్ళుగా దాచుకున్నదంతా నా నోట్లోంచి వచ్చేసింది. "చూడండి! తడిగాలి. కూలర్ వద్దని చెప్పానా లేదా? గొంతు చించుకుని చెప్పానా లేదా?"

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి ఈసారి ఆ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత అడిగింది.

"అవునని అబద్ధం చెప్పింది కదా. మరి, కాదన్నవి?"

నాకు అర్థం కాలేదు.

"కూలర్ పెట్టిన కాణ్ణించి ఇది చెడిపోతా ఉంది. అప్పట్నుంచి కాదు, కాదు అని ఎన్ని చెప్పింది? నేను అలాగే పంపేసినాను. అందులో ఒకటి నిజంగా అవునేమో! చేతిలోకి వచ్చినదాన్ని నేనే పారేసినానేమో!"

"అలా ఎందుకవుతాది సిస్టరమ్మా…"

"ఎందుకవదు? నువ్వు చెప్పగలవేటి?"

చెప్పలేను. ఎవరూ చెప్పలేరు.

అక్కడివాళ్ళకి రాసింది, ఆ రెండేళ్ళలో తను పంపినవేవీ నమ్మవద్దని. వాళ్ళు చాలా మర్యాదగా జవాబిచ్చారు. ప్రతి జవాబునీ ఎప్పుడో ఒకప్పుడు మరొకరి మెషీన్ సరిచూస్తుందనీ, ఆ ఏర్పాటు అందుకే ఉందనీ, మీరు నిశ్చింతగా కొత్త సంఖ్యలు తీసుకోవచ్చనీ.

"విన్నారా?" అన్నాను. "వాళ్ళే చూసుకుంటారు. మీరు కొత్తవి పట్టండి. దొరికితే అక్కడే దొరుకుతాది."

"ఎప్పుడో ఒకప్పుడంటే ఎప్పుడు? ఏళ్ళు పడతాదంట. మందు తప్పుగా ఇచ్చి, పొద్దున డ్యూటీవాళ్ళు చూసుకుంటార్లే అని ఇంటికెళ్ళి తొంగుంటామేటి? అవి నా పేరున ఉన్నాయి. నేనే మళ్ళీ చేస్తాను."

"మళ్ళీ చేస్తే మీకేటొస్తాది?"

"నిజమేదో తెలుస్తాది."

సరే చెయ్యండి, కానీ నా దగ్గర కొత్త మెషీన్ ఉంది, దాని మీద పెడితే వారాల్లో అన్నీ అయిపోతాయి అన్నాను. ఉత్తినే వాడుకోమన్నాను. ఒప్పుకోలేదు. తప్పు చెప్పిన నోటితోటే నిజం చెప్పించాలట. ఆ పాత డబ్బాకి మంచి మెమరీ వేయించుకుని పట్టుకుపోయింది. అందులో ఏం న్యాయం ఉందో నాకు ఈరోజుకీ తెలియదు. మొండితనం. వట్టి మొండితనం. అలా అని మొహంమీదే అన్నాను. "అనుకో" అంది.

మరుసటి వేసవిలో వెళ్ళేసరికి ముందుగదిలో కూలర్ లేదు. ఎవరికో ఇచ్చేసిందట. తడిగాలి గదిలో ఎక్కడున్నా దానికి తగులుతుందట. డబ్బా పక్కరేకు విప్పేసి, తన టేబుల్ ఫ్యాను దానికి పెట్టింది. ఆ గదిలో నేను పది నిమిషాలు కూర్చోలేకపోయాను. ఆవిడ తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చుంది.

"మీరు చచ్చిపోతారు ఇలాగైతే" అన్నాను.

"అదేటి కొత్త సంగతా? ఆసుపత్రిలో చూసి చూసి వచ్చినదాన్ని."

జూన్ మొదట్లో గుమ్మంలో పడిపోతే పై క్వార్టరువాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎండ దెబ్బ అన్నారు, తరవాత కిడ్నీలన్నారు, వయసు కూడా అన్నారు. తను పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం. నేను వెళ్ళేసరికి సెలైన్ వేగం ఎక్కువైందని చిన్న నర్సుచేత సరిచేయిస్తోంది. జాముల్ నుంచి చెల్లెలి కూతురు వచ్చి పక్కన కూర్చుంది. భిలాయిలో పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం హిందీలోనే వస్తుంది.

నన్ను చూడగానే తలకింద నుంచి తాళంచెవి తీసి ఇచ్చింది.

"వెళ్ళి చూసిరా."

"ముందు మీరు కోలుకోండి."

"నీతో ఇదే తంటా. వెళ్ళమంటే వెళ్ళవు."

వెళ్ళాను. తలుపు తీస్తే వేడి మొహంమీద కొట్టింది. ఫ్యాను తిరుగుతోంది, మెషీన్ నడుస్తోంది. మళ్ళీ చెయ్యాల్సినవాటిల్లో మొదటి సంఖ్య అయిపోయింది. కాదు. జవాబుతోపాటు చివర కొన్ని అక్షరాలూ అంకెలూ వస్తాయి. పాత లెక్కలో వచ్చినవీ కొత్త లెక్కలో వచ్చినవీ ఒకటే అయితే రెండూ సరైనవేనని అర్థం. ఆవిడ ఖాతా తెరిచి పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కొక్కటే వేలితో చూశాను. అన్నీ కలిశాయి.

ఆసుపత్రికి తిరిగి వచ్చి చెప్పాను. "మొదటిది తేలింది. కాదు. చివరి అంకెలు కూడా కలిశాయి."

"నువ్వే చూశావా, చదివి ఎవరైనా చెప్పారా?"

"నేనే చూశాను."

కళ్ళు మూసుకుంది. మొహం కొంచెం వదులైంది. "అయితే అప్పుడు చెప్పినది నిజమే" అంది. "ఆ ఒక్కటీ నేను పారెయ్యలేదు."

"ఇంకేటి కావాలి? ఇప్పుడైనా నిశ్చింతగా ఉండండి."

కళ్ళు తెరిచింది. నేనేదో పసివాడి మాట మాట్లాడినట్టు చూసింది.

"మిగతావో?"

ఆ చూపుకి నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండోది మొదలైందని చెప్పాను. నిజమే, దానంతటదే మొదలైంది. సరే, షాపు వదిలేసి ఎంతసేపైంది, పో అంది.

రెండు రోజులకి పోయింది. సమాధి కార్యక్రమానికి సెక్టారు సగం వచ్చింది. లైన్‌మన్ కూడా వచ్చాడు. మెషీన్ సంగతి చెల్లెలి కూతురితో మాట్లాడాలనుకున్నాను కానీ ఆ సమయంలో నోరు రాలేదు. ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అంతా సద్దుమణిగాక వెళ్దామనుకున్నాను. వెళ్ళేసరికి క్వార్టరు ఖాళీ చేస్తున్నారు. ముందుగదిలో బల్ల లేదు.

"కంప్యూటర్ ఏదమ్మా?"

"వో? వో తో కబాడీవాలా లే గయా అంకుల్. పురానా థా, కిత్నీ ఆవాజ్ కర్తా థా!" పాతదీ, రొద చేసేదీ కదా అని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. తరవాత నా మొహం చూసి భయపడింది. "కుఛ్ జరూరీ థా క్యా?"

ఏం చెప్పను? ముఖ్యమైనది ఉందని చెబితే ఆ పిల్ల జీవితాంతం బాధపడుతుంది. ఏం లేదమ్మా అని బండి తీశాను.

కబాడీవాడిది రైలు పట్టాల అవతల రేకుల షెడ్డు. నేను వెళ్ళేసరికి డబ్బా విప్పేసి ఉంది. రేకు ఒకవైపు, వైర్లు ఒకవైపు. లోపలి డిస్కు సుత్తితో పగలగొట్టి, అల్యూమినియం కుప్పలో పడేశాడు. నేను వేసిన మెమరీ ఆ కుప్పలోనే ఎక్కడో ఉంది. వంగి రెండు ముక్కలు ఎత్తి చూసి, మళ్ళీ అక్కడే పడేశాను.

అతను ఛత్తీస్‌గఢీ ముసలాయన. నా వాలకం చూసి పని ఆపాడు. "క్యా థా ఇస్‌మే, భయ్యా? ఫోటో?"

ఫోటోలు కాదు, ఒక లెక్క నడుస్తోంది అన్నాను హిందీలో.

"పూరా హో గయా థా?"

లేదు, సగంలో ఉందన్నాను.

ముసలాయన చేతిలో సుత్తి కిందపెట్టి, నన్ను ఎగాదిగా చూసి, మా అందరి మీదా నిజంగానే విసుక్కున్నాడు.

"తో ఫిర్ బంద్ క్యోం కియా?"

సగంలో ఉన్నదాన్ని ఎందుకు ఆపారు అని. బండి స్టార్ట్ చేసి వచ్చేశాను.